పేతురు సాక్ష్యం నేను చెప్పించలేదు

నేను రిటైర్ అయ్యాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో నవ్వుతారు. "తలలో ఒక్క ఎంటికన్నా నెరవకుండా రిటైర్మెంటేందిమే?" అంటుంది మా పెద్దమ్మ. సంఘంలో కొందరు మాత్రం నవ్వరు. "సేవ మానేసింది" అంటారు, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి.

డిగ్రీ అయిపోయిన ఏడాదే కావలి దగ్గర ఒక చిన్న క్రైస్తవ పరిచర్య బృందంలో చేరాను. నా ఇరవైల వయసంతా అక్కడే గడిచింది. సముద్రం వైపు పల్లెలు, బిట్రగుంట రైల్వే కాలనీ, అప్పుడప్పుడు మనుబోలు దాకా తిరిగేవాళ్లం. పాడేవాళ్లు, వాక్యం చెప్పేవాళ్లు, వ్యాను నడిపేవాళ్లు ఉన్న ఆ బృందంలో మైకు పట్టుకోలేనిదాన్ని నేనొక్కదాన్నే. నలుగురి ముందు నిలబడితే నాలుక పిడచగట్టుకుపోతుంది. నోటితో అనలేనిది రాత్రి డైరీలో రాసుకోవడం, దొరికిన పుస్తకమల్లా చదవడం నా అలవాట్లు. అందుకని నాకు ఇళ్లు తిరిగే పని, రాతపని ఇచ్చారు. ఆ రెండూ నాకు సరిపోయాయి.

ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వచ్చే చెల్లెళ్లూ తమ్ముళ్లూ అడుగుతుంటారు: "అక్కా, సేవక నాయకత్వం మీద ట్రైనింగు పెడతా ఉండారు, పోమంటావా?" పోండి. భోజనం బాగుంటుంది. అయితే అక్కడ ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను. ఎన్ని ఊళ్లు తిరిగాం, ఎంతమంది చేతులెత్తారు అన్నవి రాయను. వాటికి వేరే రచయితలున్నారు.

రత్నమ్మ గారి ప్రశ్న

నాకు పని నేర్పింది రత్నమ్మ గారు. రైల్వేలో గార్డుగా చేసి పోయిన ఆయన భార్య. బిట్రగుంటలో కాలనీ వెనక ఉండేవారు. బృందంలో ఇళ్ల దర్శనాలన్నీ ఆవిడే చూసేవారు. చేరిన మొదటి ఏడాది ఆవిడ గొడుగు పట్టుకుని వెనక నడవడమే నా ఉద్యోగం.

ఏ ఇంటికి వెళ్లినా ఆవిడ వాకిట్లోనే నిలబడేవారు. "అమ్మా, ఇప్పుడు రావచ్చునా, ఇంకో పూట రమ్మంటావా?" అని అడిగేవారు. ఇంకో పూట అంటే చిరాకు పడకుండా వెనక్కి తిరిగేవారు. లోపలికి పిలిస్తే, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునేవారు. ఒకసారి ఒక ముసలావిడ ప్రార్థన చేయమంది. నేను అప్పటికే కళ్లు మూసేసుకున్నాను. రత్నమ్మ గారు మూసుకోలేదు.

"ఏం చెప్పమంటావమ్మా దేవుడికి?"

"మోకాళ్ల నొప్పులు తగ్గాలని చెప్పండమ్మా."

"సరే. ఏం చెప్పొద్దంటావు?"

ఆ ముసలావిడ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, "మా పెద్దోడి సంగతి ఎత్తబాకండమ్మా. కోడలు ఇంటాది" అంది.

రత్నమ్మ గారు మోకాళ్ల గురించి ప్రార్థన చేశారు. మోకాళ్ల గురించే చేశారు. దారిలో నేను ఆగలేక అడిగాను: "దేవుడికి అన్నీ తెలుసు గదమ్మా. చెప్తే ఏం పోయింది?"

"దేవుడికి తెలుసులే. నేను కళ్లు మూసుకోని గట్టిగా చెప్పేది గోడవతల కోడలికి గూడా ఇనపడతాది గదా. ప్రార్థన పేరు జెప్పి దండోరా ఏసేవోళ్లు శానామంది ఉండారు. నువ్వు ఆ కొలువులో చేరబాక."

మళ్లీ వెళ్లినప్పుడు ఆ ముసలావిడ మమ్మల్ని బోరింగు దాకా సాగనంపింది. కోడలికి వినపడని ఆ చోట నిలబడి పెద్దకొడుకు సంగతంతా తనే చెప్పింది. మేం అడగలేదు. నమ్మకం ఎలా కట్టాలో నాకు తెలిసిన పాఠం ఇదొక్కటే. దీనికి బోర్డూ మార్కర్లూ అక్కర్లేదు. ఒకరి మాట మన దగ్గరికి వచ్చినప్పుడు దాని హద్దు ఎక్కడో వాళ్లనే అడగాలి. అడిగాక ఆ హద్దు దాటకూడదు.

మైకుకి సరిపడా కత్తిరించడం

కొన్నాళ్లకి రత్నమ్మ గారు నడవలేకపోయారు. బృందం మాత్రం పెరిగింది. సౌండు సిస్టం వచ్చింది, ఫ్లెక్సీలు వచ్చాయి, సభలను ఫోనుల్లో చూసేవాళ్లు వచ్చారు. నాయకుడు ఇమ్మానుయేలు గారు. మేమంతా అయ్యగారు అనేవాళ్లం. ఆయన నాకు సాక్ష్యాల పని అప్పగించారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. సభలో వాక్యానికి ముందు ఎవరో ఒకరు లేచి, దేవుడు తన బతుకులో చేసిన మేలు చెప్పుకుంటారు. అదే సాక్ష్యం. పదిమంది కూర్చునే ఇంటి కూడికలో అది ఎంత బాగుంటుందో! మాట తడబడుతుంది, మధ్యలో ఏడుపొస్తుంది, ఒక్కోసారి చెప్పేవాళ్లకే నవ్వొస్తుంది. స్టేజీ మీద అలా కుదరదు. అక్కడ ఐదు నిమిషాలే. ముందు చీకటి, తర్వాత ఒక రాత్రి, ఆ తర్వాత వెలుగు. వెలుగొచ్చాక ఏమైందో చెప్పే టైముండదు, పాట మొదలైపోతుంది. మనుషులను వెతికి, మాట్లాడి, వాళ్ల బతుకును ఆ కొలతకు రాసి పెట్టడం నా పని.

మా సాక్ష్యాలన్నిటిలోకీ పేరు తెచ్చుకుంది పేతురుది. అతను రొయ్యల గుంటల దగ్గర, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు చూసుకునే మనిషి. తాగుడుతో రెండు ఉద్యోగాలు పోగొట్టుకుని, తర్వాత మందు వదిలేశాడు. మా ఇంటి కూడికలో మొదటిసారి లేచి ఏమన్నాడో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"నేను మానేసినానని చెప్పనండీ. ఇయ్యాల తాగలా. రేపటి సంగతి రేపు జూద్దాం. దేవుడు గూడా రోజుకూలీకే పెట్టుకున్నాడు నన్ను."

అందరం నవ్వాం. అతని భార్య కరుణ అందరికంటే గట్టిగా నవ్వింది. అతన్ని స్టేజీ ఎక్కించే ముందు అయ్యగారు ఆ మాట మార్పించారు. "బ్రదర్, 'ఇయ్యాల తాగలా' అంటే జనం డౌటు పడతారు. 'ఆ రోజు నుంచి ముట్టలేదు' అను. విశ్వాసంతో అను." పేతురు తల గోక్కున్నాడు. నేర్చుకున్నాడు. బిట్రగుంటలో చెప్పాడు, మనుబోలులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మా బృందంలో కీబోర్డు వాయించే సామ్సన్ తన తెల్లచొక్కా ఇచ్చి ఫోటో తీశాడు. ఆ ఫోటో ఫ్లెక్సీ మీదికి ఎక్కింది. రోడ్ల మలుపుల్లో, బస్టాండు దగ్గర, వెదురు కర్రలకు పేతురు నవ్వుతూ నిలబడ్డాడు.

మా బృందం చేసిన పెద్ద తప్పు అదేనని నేను ఈరోజుకీ అంటాను. ఒక వాక్యం కత్తిరించాం. ఆ మనిషి దాని మీదే నిలబడి ఉన్నాడని మాకు తట్టలేదు.

అయ్యగారి గురించి న్యాయంగా

ఇమ్మానుయేలు గారు చెడ్డమనిషి కాదు. అలా అనుకుని చదివితే ఈ వ్యాసం మీకు ఉపయోగపడదు. తుఫాను వస్తే అందరికంటే ముందు వ్యాను తీసేది ఆయనే. పల్లెల్లో భోజనాలయ్యాక చొక్కా చేతులు మడిచి బృందం పళ్లేలన్నీ ఆయనే కడిగేవారు. ఊరివాళ్లు చూసి, "ఎంత తగ్గింపు మనసో!" అనేవారు. నేనూ అనుకున్నాను.

తర్వాత తెలిసింది. పళ్లెం కడగడం సులువు. పళ్లెం ఎదురు చెప్పదు. పక్కన కూర్చున్నవాళ్లు "కాదు అయ్యగారూ" అన్నప్పుడు ముఖం మారకుండా వినగలగడమే కష్టం. మా బృందంలో ఆ మాట అనేవాళ్లు లేరు. అందరం ఏకమనస్సుతో ఉన్నామని చెప్పుకునేవాళ్లం. నిజానికి అందరం నోరు మూసుకుని ఉండేవాళ్లం. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

కరుణ వచ్చిన రోజు

మా బృందం మహాసభలు దగ్గర పడ్డాయి. ఫ్లెక్సీలు కట్టేశారు. కరుణ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. షెడ్డు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లిస్తే గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, ఆయన్ని ఈసారి సభకి పిలవబాకండి."

"ఏమైంది కరుణా?"

"మళ్లా మొదులైంది."

గ్లాసు కింద పెట్టి తనే చెప్పింది.

"తాగినందుక్కూడా నాకు బాధ లేదక్కా. పడతాడు, లేస్తాడు, ఆయన సంగతి నాకు తెలవదా! నెల్లూరు పెద్దాసుపత్రిలో మందు మాన్పించే డాక్టరు ఉండాడంట, పోదాం పా అంటే రాడు. 'బస్టాండు కాడ నా బొమ్మ ఉండాదే. దాని కిందనే బస్సెక్కాల. తాగుబోతుల లైన్లో నన్ను జూసి ఎవురన్నా అయ్యగారి సభల్లో పేతురు గదా అంటే ఎట్ట?' అంటాడు. ఫ్లెక్సీలో మనిషి ఆ లైన్లో ఎట్ట నిలబడతాడక్కా?"

అప్పుడు రత్నమ్మ గారి ప్రశ్న నా నోటికొచ్చింది. "అయ్యగారికి ఏం చెప్పమంటావు? ఏం చెప్పొద్దంటావు?"

"రాడని చెప్పు. ఎందుకో చెప్పబాక."

ఆ మాట అతని నోటినుంచి కూడా రావాలి కదా. మరునాడు పొద్దున గుంటల గట్టు మీదికి వెళ్లాను. పేతురు మోటారు విప్పి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. అదే ప్రశ్న అడిగాను. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ మోతలో అతను చెప్పింది వినడానికి వంగాల్సి వచ్చింది.

"కరుణ చెప్పిందే అక్కా. అయ్యగారికి ఈ ముఖం చూపించలేను. ఆ బొమ్మ దించేయ్. అది దిగితే ఆసుపత్రికి పోతా."

సోమవారం మీటింగు

అయ్యగారు కార్యక్రమం చదువుతున్నారు. పాట, సాక్ష్యం, పాట, వాక్యం. ఎదురుగా సామ్సన్. మిగతావాళ్లు చుట్టూ. నేను చేతులు కొంగులో చుట్టుకుని చెప్పాను.

"పేతురు ఈసారి చెప్పడు అయ్యగారూ."

"ఎందుకు?"

"అది నేను చెప్పకూడదు."

"మన బృందంలో దాపరికాలు లేవు గదా సిస్టర్. మనం ఒక కుటుంబం."

"కుటుంబమే అయ్యగారూ. కానీ ఆ సంగతి నాది కాదు."

ఆయన పెన్ను కింద పెట్టారు. "తాగినాడా?"

సామ్సన్ ఫోనులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఫోను తలకిందులుగా ఉంది.

"తాగితే దాచడమెందుకు? ప్రార్థన అంశంగా వాట్సాప్ గ్రూపులో పెడదాం. వందమంది మోకరిస్తారు."

"పెట్టొద్దు."

ఆ మూడక్షరాల మాట అంత గట్టిగా నా గొంతులోంచి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు.

అయ్యగారు నెమ్మదిగానే మాట్లాడారు. "చూడు సిస్టర్. ఫ్లెక్సీలు కట్టేసినాం. ఆయన కోసమే వచ్చేవాళ్లున్నారు. ఒక్కసారి చెప్పించు. పదిమందిలో చెప్పినందుకైనా నిలబడతాడు."

"పడిపోయిన మనిషి చేత పడలేదని చెప్పిస్తే, ఇంక లేచేదెట్టా అయ్యగారూ? లేవాలంటే ముందు పడినట్టు ఒప్పుకోవాల గదా."

"లోబడడం నేర్చుకో. సేవలో మొదటి పాఠం అదే."

"మీరు ఏ పని చెప్పినా చేసినాను. ఇది చేయను."

"ఫ్లెక్సీలు దిగవు. పేతురుతో నేనే మాట్లాడతా" అని ఆయన లేచారు. మా టీ గ్లాసులన్నీ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లి కడిగారు. నా గ్లాసు కూడా. ఎప్పటిలాగే శుభ్రంగా కడిగారు. చూస్తూ కూర్చున్నాను. నాకు అంతకుముందు కలిగిన భక్తి ఆ పూట కలగలేదు.

నిచ్చెన

బయటికి వచ్చి సామ్సన్‌ని నిచ్చెన అడిగాను. ఎందుకని అడగలేదు.

"బొమ్మలు కట్టింది నేనే గదక్కా. ఇప్పేది నేనే ఇప్పుతా. నువ్వు కిందుండి వొణుకు, చాలు."

"నేను ఎక్కుతా సామ్సన్. రేపు అయ్యగారు ఎవరు పీకారని అడిగితే నీ పేరు రాకూడదు."

"నువ్వెక్కితే నిచ్చెన గూడా వొణుకుతాది. సరే, కాళ్లు పట్టుకుంటా. నిచ్చెనయి, నీయి గాదు."

పట్టపగలు, బస్టాండు దగ్గర నిచ్చెన వేశాం. జనం పోగయ్యారు. ఆ ఊళ్లో నన్ను అంతమంది ఒకేసారి చూడడం అదే మొదలు. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని ఎక్కాను. టీకొట్టాయన గట్టిగా అరిచాడు.

"ఏందమ్మా, దేవుడి ఫ్లెక్సీ పీకేస్తా ఉండావు? పార్టీ మారినావా?"

జనం నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఇంకెప్పుడైనా అయితే అక్కడే దిగి ఇంటికి వెళ్లిపోయి డైరీ తీసేదాన్ని. ఆ పూట దిగలేదు.

"పార్టీ అదే అన్నా. అభ్యర్థి పోటీలో లేడు" అన్నాను.

ఈసారి నవ్వు టీకొట్టాయన మీదికి తిరిగింది. కింద సామ్సన్ ఎంత నవ్వాడంటే నిచ్చెన నిజంగానే ఊగింది. ఒక్కో ముడి విప్పుతుంటే పేతురు ముఖం మడతపడి నా భుజం మీదికి వాలింది. తెల్లచొక్కా, నవ్వు, కింద పెద్ద అక్షరాలు. మిగతా మలుపుల్లోవి కూడా సాయంత్రంలోగా దించేశాం.

కరుణ షెడ్డు నుంచి వచ్చి ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుంది. చేత్తో నొక్కి చూసింది. "గట్టిగా ఉండాది. కట్టెల మీద కప్పుకుంటా. బొమ్మ కిందకి పెట్టి" అంది.

మరునాడు అయ్యగారు పేతురింటికి వెళ్లేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. ఆ పొద్దునే మొగుడూ పెళ్లాం నెల్లూరు బస్సెక్కారు. ఖాళీ వెదురు కర్రల కింద నుంచే.

తర్వాత

మహాసభలు జరిగాయి. ఆకాశం విరిగి పడలేదు. సాక్ష్యానికి పెట్టిన టైములో ఒక పాట ఎక్కువ పాడారు. పేతురేడని ఒకరిద్దరు అడిగారట. ఊరికెళ్లాడంటే ఊరుకున్నారట.

వారం తర్వాత బృందం ముందు క్షమాపణ చెప్పమన్నారు. ఎవరికి చెప్పాలని అడిగాను. బృందానికి అన్నారు. బృందంలో ఎవరు నొచ్చుకున్నారో చేయెత్తమని అడిగాను. అయ్యగారు చుట్టూ చూశారు. ఎవరూ ఎత్తలేదు. అలాగని ఎవరూ నా వైపు మాట్లాడలేదు కూడా. సంచి తీసుకుని వచ్చేశాను. నేను మానేసింది ఆ బృందాన్ని. సేవను కాదు. ఆ రెండూ ఒకటేనని చెప్పేవాళ్లతో నాకు పేచీ. చచ్చేదాకా ఉంటుంది.

ఇప్పుడు ఒక బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఆదివారం సాయంత్రాలు ఇళ్లు తిరుగుతాను. నన్ను ఎవరూ పంపడం లేదు. వాకిట్లో నిలబడి, రావచ్చునా అని అడుగుతాను. రత్నమ్మ గారికి జరిగిందంతా చెబితే, అంతా విని, "నిచ్చెన ఎక్కినావా! చీరతోనా?" అన్నారు. దాని మీదే చాలాసేపు నవ్వారు.

ఒకరోజు సాయంత్రం సామ్సన్ మా గేటు దగ్గర బండి ఆపాడు. ఇంజను ఆపకుండానే అన్నాడు: "అక్కా, నీతో ఒకటి చెప్పాల. ఇన్నేళ్లలో బృందంలో ఎవురికీ చెప్పలా." లోపలికి రమ్మన్నాను. అతను చెప్పింది చాలాసేపు విన్నాను. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. నాయకత్వం గురించి నన్ను అడిగే పిల్లలకు నా దగ్గరున్న సర్టిఫికెట్టు ఆ సాయంత్రమే. మీ దగ్గరికి మనుషులు తమ బరువు తెచ్చి దించుతున్నారా? దించింది అక్కడే ఉంటుందన్న ధైర్యం వాళ్లకుందా? ఉంటే మీరు నాయకులు. స్టేజీ ఉన్నా లేకపోయినా.

లేకపోతే మీరు ఎన్ని పళ్లేలైనా కడుక్కోండి.

ఇక్కడితో ఆపమన్నాడు

ఇది రాసే ముందు పేతురింటికి వెళ్లాను. పేతురు అన్నది నేను పెట్టిన పేరని మీకు చెప్పనక్కర్లేదు. కట్టెల మోపు మీద ఫ్లెక్సీ కప్పి ఉంది. తెల్లటి వెనకభాగం పైకి ఉంది, ఎండకు పొట్టు లేస్తోంది. అతను నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు.

"రాస్తా ఉండాను. ఏం రాయమంటావు, ఏం రాయొద్దంటావు?"

అతను కరుణ వైపు చూశాడు. కరుణ భుజాలెగరేసింది.

"పేరు మార్చు. తాగింది రాయి. బొమ్మ దించింది రాయి. ఆ తెల్లచొక్కా నాది గాదని రాయి, అది శానా రోజుల్నించి నన్ను పొడస్తా ఉండాది."

"బస్సెక్కినాక సంగతి?"

"అది రాయబాకక్కా."

"సరే."

మీరు అడుగుతారని తెలుసు. ఇప్పుడు మానేశాడా, మళ్లీ పడ్డాడా, చివరికి ఏమైంది అని. చదివేవాళ్లకు వెలుగుతో ముగిస్తేనే తృప్తి. ఆ తృప్తి కోసమే ఒకప్పుడు మేం ఒక మనిషిని వెదురు కర్రలకు కట్టాం.

అడగండి. నేను చెప్పను.